సముద్ర సింహాల రాయి దగ్గర

షికారు ఆలోచన మరిదిదే. షాపువాళ్ళు కొత్త వ్యాను ఇచ్చారనీ, సెలవురోజు దాన్ని ఊరికే పడుకోబెట్టడం పాపమనీ, పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదిరేలోపు రేవులో ఉండొచ్చనీ ఫోన్లో ఊదరగొట్టాడు.

"ఆ ఆసుపత్రి దుప్పట్లు ఒక్కరోజు ముడతలతోనే పడుకుంటాయిలే వదినా. రోగులేం పట్టించుకుంటారు, వాళ్ళ బాధలు వాళ్ళవి," అన్నాడు.

అక్క నవ్వి సరేనంది. ఆ మనిషి మాటకు నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. ఫర్నిచరు షాపులో మంచాలూ బీరువాలూ ఇళ్ళకు చేరవేసే డ్రైవరు అతను. వీపు మీద బీరువా మోస్తూ మేడ మెట్లెక్కేటప్పుడు కూడా, కింద పట్టుకున్నవాడు నవ్వలేక చేతులు వదిలేసేటంత హాస్యమాడేవాడు. చెల్లెలు బుల్లిని అతనికిచ్చి చేసినప్పుడు, ఏ లోటున్నా ఆ ఇంట్లో నవ్వుకు మాత్రం లోటుండదని అక్క ధీమాగా ఉంది. తల్లి పోయిన దగ్గర్నుంచీ బుల్లికి జడలు వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ అక్కే. ఆ పిల్ల ఒక చోట కుదురుకుంటే తన పని సగం అయిపోయినట్టే అనుకుంది.

అక్క ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దస్తమానం ఆవిరిలో నిలబడి బరువైన తడి దుప్పట్లు ఎత్తి పరిచి నొక్కే పని. ఆ పనివల్ల ముంజేతులు తాళ్ళు పేనినట్టు గట్టిపడ్డాయి. ఆమె మొగుడు బస్టాండు మెట్ల కింద గూడులాంటి కొట్లో వాచీలు బాగుచేస్తాడు. వీధిలో అందరూ గడియారాలాయన అనే పిలుస్తారు. నోట్లో నాలుక లేని మనిషి. కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత మరను పట్టకారుతో పట్టుకున్నప్పుడు, అదెగిరిపోతుందేమోనని ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతాడు. తోడల్లుళ్ళిద్దరికీ బాగానే కుదిరింది. ఒకడు మాట్లాడతాడు, ఇంకొకడు వింటాడు.

"అన్నయ్యా, నీకంటే నీ గడియారాలు నయం. అవి కనీసం టిక్కుమంటాయి," అన్నాడు డ్రైవరు, వ్యాను ఊరు దాటగానే.

గడియారాలాయన కిటికీ వైపు చూస్తూ ముసిముసిగా నవ్వాడు. ముందు సీట్లో మొగుడి పక్కన కూర్చున్న బుల్లి పకపకా నవ్వింది. దారి పొడుగునా అలాగే నవ్వుతూ ఉంది. చాలాదూరం పోయాక అక్కకు ఒక సంగతి తట్టింది. డ్రైవరు మాట పూర్తికాకముందే బుల్లి నవ్వేస్తోంది. ఎక్కడ నవ్వాలో ముందే కంఠతా పట్టినట్టు, ఒక్క క్షణం ఆలస్యమైనా తప్పే అయినట్టు నవ్వుతోంది. కొత్త కాపురం, ఒకరి జోకులు ఒకరికి పాతబడే ఉంటాయి అని అక్క సర్దిచెప్పుకుంది.

రోడ్డు ఒక గుట్ట మీంచి మలుపు తిరగ్గానే రేవు పట్నం మొత్తం ఒక్కసారిగా కనబడింది. గిన్నెలాంటి చిన్న అఖాతం. అంచు చుట్టూ పసుపూ నీలం రంగుల ఇళ్ళు ఒకదాని భుజం మీంచి ఒకటి తొంగిచూస్తున్నాయి. నీళ్ళ మీద ఎర్రరంగు పడవలు, గట్టు మీద ఆరబెట్టిన వలలు, దీపస్తంభం చివర బారులు తీరి రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులు. కిటికీ అద్దం దించితే ఉప్పూ చేపా డీజిలూ కలిసిన వాసన.

రేవులో పడవలు కట్టే చెక్కవేదికల మీద సముద్ర సింహాలు పడుకుని ఉన్నాయి. వాటిని చూడటానికే జనం అంత దూరం వస్తారు. దూరం నుంచి చూస్తే తడిపి పడేసిన గోనెసంచుల్లా ఉన్నాయి. దగ్గరికెళ్ళాక అవి కదిలాయి, దగ్గాయి, ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టు మొరిగాయి. బుల్లి చిన్నపిల్లలా కటకటాల మీదికి వంగింది.

"అక్కా, ఆ బుజ్జిదాన్ని చూడు, మీసాలు చూడు దానికి."

అప్పుడే నీళ్ళలోంచి పెద్ద మగది ఒకటి వేదిక మీదికి ఎగిరింది. అక్కడ అప్పటికే ఉన్న మగది తల పైకెత్తింది. రెండూ ఛాతీలు ఢీకొన్న చప్పుడుకు చెక్కలు అదిరాయి. కొత్తగా వచ్చింది పాతదాని మెడ పట్టుకుని గుంజింది. చర్మం ఊడి, కింద తెల్లటి కొవ్వు, దాని మీద ఎర్రగా నెత్తురు కనబడ్డాయి. జనం ఫోన్లు పైకెత్తారు. మిగతావి పిల్లల్ని తొక్కుకుంటూ నీళ్ళలోకి దూకాయి. ఒక పిల్ల కిందపడి నలిగి, అరవడం మానేసింది.

"కొట్టు. పైకి లేవనివ్వకు. కంటి మీద, కంటి మీద," అని డ్రైవరు కటకటాలు పట్టుకుని ఊగుతున్నాడు. పాతది ఓడి, మెడ వేలాడేసుకుని నీళ్ళలోకి జారాక, గెలిచింది తనే అన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

గడియారాలాయన మొహం తెల్లగా పాలిపోయింది. "టీ తాగుదాం పదండి," అన్నాడు. ఆ రోజు అప్పటిదాకా ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

గట్టు మీద బల్లలు వేసిన హోటలుంది. వేయించిన చేప కాగితపు పొట్లాల్లో ఇచ్చారు. బల్లల చుట్టూ తెల్లటి సీగల్ పక్షులు, ఎవరైనా చెయ్యి ఏమరితే చాలు అన్నట్టు పక్కచూపులు చూస్తూ తిరుగుతున్నాయి. డ్రైవరు పెద్ద చేపముక్కను నోటిదాకా ఎత్తి, షాపుకొచ్చే కస్టమర్ల గురించి ఏదో కథ చెబుతున్నాడు. వెనకనుంచి ఒక పక్షి రయ్యిన వచ్చి, ముక్కను నోటి ముందునుంచే తన్నుకుపోయింది. అతని వేళ్ళు గాల్లో అలాగే ఉండిపోయాయి, నోరు తెరుచుకునే ఉంది.

పక్క బల్లలవాళ్ళు గొల్లుమన్నారు. అక్కా నవ్వింది, గడియారాలాయనా నవ్వాడు. అందరికంటే బుల్లి ఎక్కువ నవ్వింది. అది పొద్దుట్నుంచీ నవ్విన నవ్వు కాదు. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా, ఆగుదామన్నా ఆగలేని నవ్వు. పెళ్ళికి ముందు వంటింట్లో కింద కూర్చుని నవ్వే నవ్వు. దాన్ని విని చాలాకాలమైందని అక్కకు అప్పుడు అనిపించింది.

డ్రైవరు కూడా నవ్వాడు. తర్వాత ఇంకో చేపముక్క తీసి, బల్ల అంచున పెట్టి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక సీగల్ వంకరటింకరగా నడుచుకుంటూ వచ్చి మెడ చాచింది. అతను దాన్ని గొంతు దగ్గర పట్టుకుని బల్ల కిందికి లాగాడు. రెక్కలు బల్ల అడుగున టపటపా కొట్టుకున్నాయి. టీ గ్లాసులు కదిలాయి. తర్వాత కదలడం ఆగిపోయింది. ఈకలంటిన చేతిని కాగితానికి తుడుచుకుని, కాలితో ఆ కళేబరాన్ని కుర్చీ కిందికి తోసేశాడు.

"అయిపోయింది. ఇంక ఎవరి ముక్కా లాక్కోదు," అన్నాడు మామూలుగా. "తినండి, చల్లారిపోతోంది."

పక్క బల్లవాళ్ళెవరూ చూడలేదు. అక్క చూసింది. అది తన్నుకుపోయిన పక్షి కూడా కాదు, వేరేది. ఆమె బుల్లి వైపు తిరిగింది. బుల్లి పొట్లంలోకి చూస్తూ చేపను చిన్న చిన్న ముక్కలుగా చిదుముతోంది, తినడం లేదు. బల్ల కింద ఆమె మోకాలు అక్క మోకాలికి తగిలి వణుకుతోంది.

"ఏమైందే?" అంది అక్క మెల్లగా.

"ఏం లేదక్కా. చలి."

అప్పుడే లేచి ఇంటికి పోదామని ఉంటే సరిపోయేది. కానీ డ్రైవరు మళ్ళీ మామూలు మనిషైపోయాడు. అఖాతం బయట రాతిదీవి ఉందట, అక్కడ సముద్ర సింహాలు వందలకొద్దీ ఉంటాయట, పడవ మాట్లాడేశానన్నాడు. వదినకు నీళ్ళంటే భయమని ఆటపట్టించాడు. గడియారాలాయన భుజం చుట్టూ చెయ్యి వేసి నడిపించుకుపోయాడు. చచ్చిన పక్షి సంగతి ఎత్తితే తనే చాదస్తురాలై కనబడుతుందేమోనని అక్క నోరు మెదపలేదు.

పడవ చిన్నది. అటూ ఇటూ బల్లలు, వెనక మోటారు, అక్కడ ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలి సరంగు. పక్కన పొడుగ్గా, చివర ఇనప కొక్కెం ఉన్న గడకర్ర. జనం తగ్గే కాలం కావడంతో పడవలో ఈ నలుగురే ఎక్కారు.

"రాయి దగ్గర అల తిరగబడుతుంది. ఎవరూ నిలబడొద్దు. చేతులు బయట పెట్టొద్దు," అన్నాడు సరంగు. చెప్పీ చెప్పీ అరిగిపోయిన మాటల్లా అన్నాడు.

బుల్లి అక్క పక్కన కూర్చోబోయింది.

"ఇటు రా," అన్నాడు డ్రైవరు ముందు బల్ల మీంచి. బుల్లి వెళ్ళింది. ఇద్దరి ఒళ్ళో కలిపి శాలువా కప్పి, దాని కింద ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అక్కకు ఆ మాత్రం ముచ్చటగానే అనిపించింది. కోపమొచ్చినా తగ్గిందిలే అనుకుంది.

రాతిదీవి నల్లగా, పక్షుల రెట్టలతో తెల్లటి చారలు చారలుగా ఉంది. ప్రతి మెట్టు మీదా సముద్ర సింహాలే. వాటి అరుపులకు పక్కమనిషి మాట కూడా వినబడటం లేదు. సరంగు మోటారు తగ్గించి, పడవను రాయికి ఇంచుమించు ఆనించేంత దగ్గరగా పోనిచ్చాడు. గడియారాలాయన అన్నీ మరిచిపోయి, తల్లి పొట్ట దగ్గర పాలు తాగుతున్న ఒక పిల్లను వేలు పెట్టి చూపించాడు. అక్క దాన్ని చూసి, బుల్లీ చూసిందేమోనని తల తిప్పింది.

బుల్లి చూస్తూనే ఉంది. పెదాలు నవ్వుతున్నాయి. ఆ చలిగాలిలో ఆమె నుదుటి మీదా, పై పెదవి మీదా చెమట ధారకట్టి ఉంది. పక్కన డ్రైవరు కూడా రాయి వైపే చూస్తున్నాడు. శాలువా కింద అతని ముంజెయ్యి మాత్రం మెల్లగా, మర బిగిస్తున్నట్టు తిరుగుతోంది.

అక్క లేచింది. సరంగు కూర్చోమని అరిచాడు. ఆమె బల్లలు పట్టుకుంటూ వెళ్ళి శాలువాను ఒక్క గుంజు గుంజింది.

బుల్లి చిటికెనవేలు అతని పిడికిట్లో వెనక్కి వంగి ఉంది. ఏ వేలూ వంగకూడనంతగా వంగి ఉంది.

"వదులు."

"ఏంటి వదినా?" మొహంలో నవ్వు చెదరలేదు. "మొగుడూ పెళ్ళాం చేతులు పట్టుకోకూడదా?"

"అక్కా, నువ్వెళ్ళి కూర్చో," అంది బుల్లి. నవ్వు ఇంకా ఆమె పెదాల మీదే ఉంది. "నేను నవ్వాను కదా అందరి ముందూ. అందుకే. అయిపోతుంది. నువ్వెళ్ళు."

ఆ 'అయిపోతుంది' అన్న తీరు అక్క చెవిలో గుచ్చుకుంది. ఎప్పుడు మొదలవుతుందో, ఎంతసేపుంటుందో, ఎలా ముగుస్తుందో తెలిసినవాళ్ళు అనే మాట అది.

"విన్నావుగా వదినా. మా ఇంటి సంగతి," అన్నాడు డ్రైవరు, ఇంకొంచెం తిప్పాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. సముద్ర సింహాల గోలలో కూడా అది అక్కకు వినబడింది. బుల్లి అరవలేదు. నోరు మూసుకుని ముందుకు ఒరిగిపోయింది.

అక్క అతని చెంప మీద చాచి కొట్టింది. మరుక్షణం అతని పిడికిలి ఆమె మూతి మీద పడింది. ముందుపళ్ళు పెదవిని చీల్చాయి. రెండు బల్లల మధ్య వెల్లకిలా పడింది. నోరంతా నెత్తురు, వేడిగా, ఉప్పగా.

"తమ్ముడూ, ఏంటిది, తప్పు," అంటూ గడియారాలాయన లేచాడు. జీవితంలో ఎవరి చొక్కా పట్టుకుని ఎరగని మనిషి, రెండు చేతులతోనూ అతని చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలియలేదు. డ్రైవరు అతన్ని మంచం ఎత్తినట్టు ఎత్తి పడవ అంచు మీదికి విసిరాడు. ఆయన పడిపోకుండా అంచును పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే సరంగు మోటారు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పట్టుకునేవాడు లేక పడవ పక్కకు తిరిగి, అలతో పాటు లేచి, రాతికి గుద్దుకుంది. గడియారాలాయన కుడిచెయ్యి అంచుకూ రాతికీ మధ్య ఇరుక్కుపోయింది.

ఆయన గొంతులోంచి వచ్చిన కేక మనిషి కేకలా లేదు. పడవ వెనక్కి జరిగాక ఆ చెయ్యిని పైకెత్తి చూసుకున్నాడు. నడిమి వేళ్ళు రెండూ నలిగి, గోళ్ళు లేక, దేనివో అన్నట్టు వేలాడుతున్నాయి.

సరంగు డ్రైవరు నడుం పట్టుకోబోయాడు. అతను తలతో ముసలాయన ముక్కు మీద ఒక్క పొడుపు పొడిచి, మోకాలితో కడుపులో గుద్దాడు. ముసలాయన టోపీ ఊడి నీళ్ళలో పడింది, ఆయన పడవలో కుప్పకూలాడు. అప్పుడు డ్రైవరు బుల్లి వైపు తిరిగాడు. జుట్టు గుప్పిట్లో బిగించి తలను బల్ల అంచుకేసి కొట్టాడు.

"చూశావా. ఎంతమందికి దెబ్బలు తగిలాయో చూశావా. ఎవరివల్ల?" ఒక్కో మాటకూ ఒక్కో గుద్దు. "చెప్పు, ఎవరివల్ల?"

"నావల్ల," అంది బుల్లి.

అక్క చేతికి గడకర్ర దొరికింది. వెతికి తీసుకోలేదు, లేవబోతుంటే చేతి కిందే ఉంది. నీళ్ళు పీల్చి బరువెక్కిన కర్ర. తడి దుప్పట్ల బరువుకు అలవాటుపడిన చేతులకు అది బరువనిపించలేదు. మొదటి దెబ్బ అతని భుజం మీద పడింది. అతను ఆశ్చర్యంగా తిరిగి చూశాడు. రెండో దెబ్బకు అడ్డంపెట్టిన మోచెయ్యి విరిగి, చెయ్యి తప్పుదిక్కుకు వేలాడింది. కొక్కెం చెంప చీల్చింది. మూడో దెబ్బకు తూలి, పడవ అంచు మీంచి సముద్రంలో పడ్డాడు.

రాతి మీది జంతువులన్నీ బెదిరి ఒక్కసారిగా నీళ్ళలోకి దూకాయి. పడవ చుట్టూ సముద్రం ఉడుకుతున్నట్టు లేచింది. నల్లటి వీపులు ఒకదాని మీంచి ఒకటి పొర్లుతున్నాయి. వాటి మధ్యనుంచి అతని తల పైకొచ్చి, మునిగి, మళ్ళీ పైకొచ్చింది. బాగున్న చేత్తో పడవ అంచు పట్టుకున్నాడు.

అక్క ఆ వేళ్ళ మీద కొట్టింది.

చెయ్యి జారింది. మునిగాడు. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ కొట్టింది.

"వదినా, ఈత రాదు," అన్నాడు, నోట్లో నీళ్ళతో. "వదినా, తమాషాకి చేశాను."

అక్క కర్రను తల పైకెత్తింది. ఇప్పుడు వేళ్ళ మీదికి కాదు, నడినెత్తి మీదికి చూసుకుంది. ఆ క్షణంలో ఆమెకు కోపం కూడా లేదు. ముడత పడ్డ దుప్పటిని చదును చేసేముందు ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకున్నట్టుంది. ఒంట్లో ఎక్కడో హాయిగా కూడా ఉంది.

వెనకనుంచి కర్రను ఎవరో పట్టుకున్నారు. బుల్లి. విరిగిన వేలు పక్కకు పొడుచుకొచ్చి ఉన్న చేత్తోనే పట్టుకుంది. నుదుటినుంచి కారిన నెత్తురు ఒక కన్ను మూసేసింది.

"చాలక్కా. చచ్చిపోతాడు."

"చావనీ."

"నువ్వు జైలుకెళ్తే నేనెక్కడికి పోవాలి?"

అక్క విన్నది. విని కూడా కర్ర దించడానికి కొంచెంసేపు పట్టింది. చేతులు ఆమె మాట వినలేదు. బుల్లి కర్ర వదలకుండా, తన బరువంతా వేసి, మెల్లగా కిందికి దించింది.

అతన్ని పడవలోకి లాగింది సరంగే, కొక్కెంతో చొక్కా పట్టి. లాగి, పడవను రేవులో కట్టే తాడుతో బల్లకు కట్టేశాడు. విరిగిన చెయ్యి కదిలినప్పుడల్లా డ్రైవరు కేకలు పెట్టాడు. ముసలాయన ముక్కునుంచి నెత్తురు ముడి మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే, తుడుచుకోకుండా ఇంకో ముడి వేశాడు. ఫోన్లో రేవుకు కబురుచేసి, "నలభై ఏళ్ళుగా జంతువుల్నే చూపిస్తున్నా," అని ఎవరితోనూ కాకుండా అని మోటారు తిప్పాడు.

తిరుగుదారి వెళ్ళినదారికంటే పొడుగ్గా ఉంది. గడియారాలాయన నలిగిన చెయ్యిని శాలువాలో చుట్టుకుని, పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అక్క ఆయన తలను భుజానికి ఆనించుకుంది. నోరు వాచి మాట రావడం లేదు. మాట్లాడిందల్లా కట్టేసి ఉన్న మనిషే. మొదట బెదిరించాడు, అందరినీ కోర్టుకు లాగుతానన్నాడు. తర్వాత బతిమాలాడు. తర్వాత నవ్వించబోయాడు.

"చూడన్నయ్యా, వదినకు నీళ్ళంటే భయమన్నాను. నన్ను నీళ్ళలో పడేసి ధైర్యం తెచ్చుకుంది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతను బుల్లి వైపు చూశాడు. ఎప్పుడూ మాట పూర్తికాకముందే నవ్వే బుల్లి, ఈసారి మాట పూర్తయ్యాక కూడా అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"బుల్లీ, దాహంగా ఉందే," అన్నాడు కాసేపయ్యాక, మెత్తగా.

బుల్లి లేచింది. సీసా మూత తీసి, తల పట్టుకుని, నోటికి అందించింది. అతను గటగటా తాగాడు. తాగి, "నా బంగారం," అన్నాడు. "నీకు తెలుసుగా నా కోపం. ఇంటికి పోదాం. డాక్టరుకు చూపించుకుందాం, ఇద్దరం. మీ అక్క మీద కేసు పెట్టనులే."

అక్క బుల్లి మొహంలోకి చూసింది. ఇంత జరిగాక కూడా ఈ పిల్ల మళ్ళీ ఆ వ్యానే ఎక్కుతుందేమోనన్న భయం, పిడికిలి దెబ్బకంటే ఎక్కువ నొప్పి పెట్టింది. బుల్లి సీసాకు మూత బిగించింది, వచ్చి తన చోట కూర్చుంది.

రేవు గట్టు మీద ఇద్దరు పోలీసులు ఎదురుచూస్తున్నారు, పక్కన ఆంబులెన్సు ఉంది. పొద్దున ఫోన్లు పైకెత్తిన జనం మళ్ళీ ఎత్తారు. డ్రైవరు గట్టెక్కకముందే మొదలుపెట్టాడు. "సార్, ఈవిడ నన్ను చంపబోయింది. కర్రతో కొట్టి సముద్రంలో తోసేసింది. పైకొస్తుంటే వేళ్ళ మీద కొట్టింది. అడగండి, కాదనమనండి."

పెద్ద పోలీసు అక్క మూతి చూశాడు, గడియారాలాయన చెయ్యి చూశాడు, సరంగు ముక్కు చూశాడు. తర్వాత బుల్లి దగ్గరకొచ్చాడు. "అమ్మా, ఏం జరిగిందో నువ్వు చెబుతావా?"

బుల్లి ఒకసారి అక్క వైపు చూసింది. మొగుడి వైపు చూడలేదు.

"మొదట్నుంచీ చెప్పాలా," అంది, "ఇవాళ్టిది చెబితే చాలా?"

పోలీసు గోడపక్కన బల్ల చూపించి, "కూర్చుని చెప్పమ్మా. మొదట్నుంచే," అన్నాడు.

ఆమె చెబుతున్నంతసేపూ ఆంబులెన్సుతో వచ్చిన నర్సు ఆమె వేలికి చెక్కపేళ్ళు పెట్టి కట్టుకడుతూనే ఉంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. పెళ్ళయిన వారానికి తలుపు సందులో పెట్టి నొక్కిన వేళ్ళ దగ్గర్నుంచి చెప్పుకొచ్చింది. బట్టల కింద ఎక్కడెక్కడ ఏమేం ఉన్నాయో చెప్పింది. తాళం వేసిన బీరువాలో ఒక పగలంతా ఉన్న సంగతి చెప్పింది. అక్క పక్కనే నిలబడి విన్నది. పండగలకూ పబ్బాలకూ తను చూసొచ్చిన ఆ ఇల్లే, తను నవ్వి టీ తాగిన ఆ గదులే.

డ్రైవరును ఆంబులెన్సులోకి ఎక్కించేటప్పుడు కూడా, మోసేవాళ్ళతో తన బరువు గురించి ఏదో అన్నాడు. వాళ్ళలో ఒకడు నవ్వాడు. సంగతి తెలియదు పాపం.

గడియారాలాయన వేళ్ళు కోయకుండా కుట్టారు కానీ అవి మళ్ళీ వంగలేదు. కేసు ఇద్దరి మీదా నడిచింది. అక్క మీద కూడా, నీళ్ళలో ఉన్న మనిషిని కొట్టినందుకు. ఆత్మరక్షణ అని చెప్పమని లాయరు నూరిపోశాడు. కోర్టులో జడ్జి, "అప్పుడు మీ ఉద్దేశమేంటి?" అని అడిగితే, అక్క "చంపాలనే కొట్టానండీ," అంది. లాయరు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సరంగు వచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు, కర్ర పట్టుకుని ఆపిన చేతి గురించీ చెప్పాడు. ఆమెను మందలించి వదిలేశారు. డ్రైవరుకు జైలు పడింది. విరిగిన మోచెయ్యి అతుక్కుంది గానీ సాఫు కాలేదని, ఆ చేత్తో ఇంక బీరువాలు మోయలేడని తర్వాత ఎవరో చెబితే, అక్క విని ఊరుకుంది. సంతోషించకుండా ఉండటానికి గట్టిగానే ప్రయత్నించాల్సి వచ్చింది. ఇప్పటికీ లాండ్రీలో ఒక్కోసారి, బరువైన దుప్పటి ఎత్తినప్పుడు, ఆ హాయి చేతుల్లోకి మళ్ళీ వస్తుంది. అప్పుడు దుప్పటి కింద పెట్టేసి, కుళాయి కింద చన్నీళ్ళతో ముంజేతులు తడుపుకుని, తర్వాత పనిలోకి దిగుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, బుల్లికి తప్ప.

"నాకూ అలాగే ఉంటుంది," అంది బుల్లి. "నేను కొట్టకపోయినా."

బుల్లి ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉంటుంది. పగలు బస్టాండు మెట్ల కింద బావ పక్కన కూర్చుంటుంది. ఆయన చెయ్యి పట్టకారు పట్టలేదు కాబట్టి ఆమె పడుతుంది. పని సరిగ్గా రాదు. స్ప్రింగులు ఎగరగొడుతుంది, ముళ్ళు వంకర తిప్పుతుంది, అద్దాల మీద వేలిముద్రలు వేస్తుంది. గడియారాలాయన జీవితంలో మొదటిసారి గొంతెత్తి విసుక్కోవడం నేర్చుకున్నాడు.

ఒక సాయంత్రం అక్క డ్యూటీ దిగి కొట్టు ముందుకొచ్చేసరికి, లోపల ఇద్దరూ నేలమీద మోకాళ్ళ మీద ఉండి పోట్లాడుకుంటున్నారు.

"ఊపిరి పక్కకు వదలమన్నానా లేదా?"

"వదిలాను బావా. ఆ మరే ఎగిరి నా మీదికొచ్చింది."

"మరకు కాళ్ళున్నాయా?"

"నీ కళ్ళకు అద్దం ఉందిగా, నువ్వే వెతుకు. నేను ఇంక వెతకను," అంది బుల్లి గట్టిగా, బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా, లేచి మోకాళ్ళు దులుపుకుని ఎదురుగా కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది.

గడియారాలాయన గొణుక్కుంటూ బల్ల కింద వెతుకుతూనే ఉన్నాడు. అక్క లోపలికి వెళ్ళలేదు. మెట్ల మీద చతికిలపడి, చెప్పులు విడిచి, వాళ్ళ పోట్లాట తెమిలేదాకా అక్కడే కూర్చుంది.